పని చేసేవాడూ, పని చేయించేవాడూ

మూడేళ్ళ క్రితం ఆషాఢమాసంలో ఒక సాయంత్రం. నేనూ మా అమ్మాయీ గోరింటాకు పెట్టుకుని కూర్చున్నాం. మావారు ఆఫీసునుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా సోఫాలో కూలబడి, తన రెండు అరచేతులూ తిప్పితిప్పి చూసుకుంటున్నారు. గోరింటాకు మాకైతే, చేతులు చూసుకోవడం ఈయనకేమిటా అని నవ్వొచ్చింది.

"ఏమండీ, బాగా పండిందా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "పొద్దుటినుంచీ ఈ చేతులు ఏం చేశాయా అని చూస్తున్నానోయ్. తొమ్మిది మీటింగులు. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనం. తీరా ఇవాళ ఏం పని చేశావురా అని ఎవరైనా అడిగితే, ఇదిగో ఇది అని చూపించడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు" అన్నారు.

నెలకి అంత జీతం తెచ్చుకునే మనిషి కూలిదొరకని వాడిలా చేతులు చూసుకోవడమేమిటి? పెద్దవాళ్ళయితే 'దృష్టి తగిలింది' అని ఉప్పు దిగదుడిచేవారు. నేను కాఫీ కలిపి ఇచ్చి ఊరుకున్నాను. ఆ మాట మాత్రం నన్ను వదలలేదు. ఎందుకు వదలలేదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆ వెనక్కి వెళ్ళిన చోట నా తప్పు కూడా ఒకటుంది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి ఈయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగు సెంటర్లో కోబాల్ నేర్చుకుంటున్నారు. 2000 సంవత్సరం వచ్చిందంటే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని ప్రపంచమంతా కంగారుపడుతున్న రోజులవి. ఆ కంగారు పుణ్యమా అని ఎంతమంది తెలుగు కుర్రాళ్ళకి ఉద్యోగాలొచ్చాయో! ఈయనకీ వచ్చింది. మా పెళ్ళి అయ్యాక పి అండ్ టి కాలనీలో రెండు గదుల అద్దె ఇంట్లో కాపురం పెట్టాం. ఈయన రాత్రిళ్ళు కూడా ఏదో ప్రోగ్రాము ముందేసుకుని కూర్చునేవారు. ఎక్కడో తప్పుండేది. అది దొరికేది కాదు. నేను నిద్రపోయేదాన్ని. ఏ రెండు గంటలకో భుజం తట్టి లేపి, "దొరికిందోయ్, తప్పు దొరికింది!" అనేవారు. బావిలో పడిపోయిన ఉంగరం దొరికినంత సంబరం. నేను కోఠీ ఉమెన్స్ కాలేజీలో చరిత్రా, అర్థశాస్త్రం చదువుకున్నదాన్ని. ఆ తప్పేమిటో, అది దొరికితే ఏమొస్తుందో నాకేం తెలుస్తుంది? అయినా ఆ మొహంలో వెలుగు చూడ్డానికైనా లేచి కూర్చునేదాన్ని.

అలా పదిహేనేళ్ళు గడిచాయి. 2016లో ఆయన్ని మేనేజరు చేస్తామన్నారు.

ఆయన రెండురోజులు ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. "నాకు మనుషుల్ని నడపడం వచ్చో రాదో" అని నసిగారు. అప్పుడు నేనేమన్నానో తెలుసా? "మా చెల్లెలి మొగుడు మీకంటే నాలుగేళ్ళు చిన్నవాడు. అప్పుడే మేనేజరయి కూర్చున్నాడు" అన్నాను. అంతటితో ఆగానా? ఎల్.బి.నగర్లో చూసి వచ్చిన మూడు గదుల ఫ్లాటు సంగతి కూడా ఎత్తాను. ఆయన మర్నాడే సరేనన్నారు. ఎల్.బి.నగర్లో ఇల్లు వచ్చింది. అర్ధరాత్రి నన్ను నిద్రలేపేవాళ్ళు లేకపోయారు.

కొత్తపేట పండ్ల మార్కెట్టు బాటసింగారం తరలిపోయింది. అయినా మా వైపు ఆటోవాళ్ళు 'ఫ్రూట్ మార్కెట్, ఫ్రూట్ మార్కెట్' అని పిలవడం మానలేదు. పేరుంది, పండ్లు లేవు. మేం ఇంట్లో ఈయన్ని 'ఇంజనీరుగారు' అనడం కూడా అచ్చం అలాగే అయింది.

ఇదేదో కంప్యూటర్లవాళ్ళ గొడవే అనుకోకండి. మా దిల్‌సుఖ్‌నగర్లో నాకు జాకెట్లు కుట్టే మాస్టారొకాయన ఉండేవారు. కొలత తీయకుండా మనిషిని చూసి గుడ్డ కత్తిరించేవారు. పేరొచ్చింది. మూడు దుకాణాలయ్యాయి. ఇప్పుడాయన గల్లాపెట్టె ముందు కూర్చుంటారు. కిందటిసారి భుజాలు జారిపోతున్న జాకెట్టు పట్టుకెళ్ళి, "మీరే కత్తిరించచ్చు కదండీ" అన్నాను. "అమ్మా, ఇప్పుడు నేను కత్తెర పడితే పనివాళ్ళకి నామీద భయం పోతుందమ్మా" అన్నారు. అలా అంటున్నప్పుడు ఆయన వేళ్ళు బల్లమీద పరిచిన గుడ్డ అంచుని సరిచేస్తూనే ఉన్నాయి. నోటికి దుకాణాల లెక్కలు అలవాటయ్యాయి గానీ వేళ్ళకింకా కాలేదు.

లెక్కలు అద్భుతంగా చెప్పే మేష్టార్ని హెడ్మాస్టర్ని చేసి ఫీజుల పుస్తకం చేతిలో పెడతాం. చెయ్యి చల్లని డాక్టర్ని సూపరింటెండెంటుని చేసి టెండర్ల ఫైళ్ళు ముందు పడేస్తాం. దీన్ని గౌరవం అంటాం. లారెన్స్ పీటర్ అనే ఆయన ఈ సంగతిమీద 1969లో ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. కొలువులో ప్రతిమనిషీ తనకి చేతకాని మెట్టు చేరేదాకా పైకి ఎక్కుతూనే ఉంటాడనీ, చేరాక అక్కడే ఆగిపోతాడనీ ఆయన సిద్ధాంతం. హాస్యంగానే రాశాడు. చదివి నవ్వుకున్నవాళ్ళందరూ మర్నాడు ఆఫీసుకెళ్ళి భుజాలు తడుముకుని ఉంటారు.

అయితే పనివాడు అధికారి కానేకూడదా? ఆ మాటా అనలేం. మా ఎల్.బి.నగర్ మెట్రో రైలు మలక్‌పేట దాటాక మూసీనది మీదుగా పోతుంది. 1908 సెప్టెంబరులో ఆ మూసీ పొంగి హైదరాబాదుని ముంచేసింది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఇక ముందు వరదలు రాకుండా ఏం చెయ్యాలో ఆయన చెప్పిన ఉపాయంలోంచే 1920లో ఉస్మాన్‌సాగరూ, 1927లో హిమాయత్‌సాగరూ వచ్చాయి. ఆ ఇంజనీరే 1912లో మైసూరు సంస్థానానికి దివానయ్యారు. ఆయన దివానుగిరీ చేతకాని మెట్టు అని ఎవరంటారు? కావేరిమీద ఆనకట్ట కట్టాలన్న పట్టుదల ఆయనతోపాటు దివాను కచేరీలోకి నడిచింది. తన పనిని ఇంకా పెద్దగా చెయ్యడానికి ఆయన కుర్చీ ఎక్కారు. మావారు నా మాటకీ, ఫ్లాటు వాయిదాలకీ ఎక్కారు. ఎక్కిన మెట్టు ఒకటే కావచ్చు గానీ ఎందుకెక్కామన్నది వేరు.

ఇక్కడ మా అత్తగారి సంగతి చెప్పాలి. నేను కాపురానికి వచ్చిన మూడోనెల్లోనే ఆవిడ వంటిల్లు నాకప్పగించి, గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేవారు. "ఉప్పు చూశావా? మంట తగ్గించావా? ఆవాలు చిటపటమన్నాక కదా వెయ్యాలి?" ఇదే వరస. తను చెయ్యరు, నన్ను చెయ్యనివ్వరు అని లోపల కుతకుతలాడేదాన్ని. ఒకసారి ఆడపడుచు అత్తవారివైపు పెద్దలు భోజనానికొచ్చారు. కంగారులో పులుసు అడుగంటించాను. ఇల్లంతా మాడువాసన. నాకు భూమిలోకి దిగిపోతే బావుండుననిపించింది. అత్తగారు వడ్డిస్తూ ఎంతో మామూలుగా, "నేనే మంట పెంచి అటెళ్ళాను, అమ్మాయి చూసుకోలేదు" అన్నారు. ఆవిడ ఆ పూట పొయ్యి దరిదాపులకి రాలేదు!

అప్పట్లో అది మంచితనం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది ఆవిడ ఉద్యోగం అనిపిస్తోంది. గరిటె నా చేతికిచ్చి, నింద తన దగ్గర ఉంచుకున్నారు.

ఇక అసలు సంగతి. మావారి ఆఫీసులో ఏటా ఒక జాబితా రాయాలి. జట్టులో ఇంతమంది గొప్పవాళ్ళు, ఇంతమంది మధ్యరకం, ఇంతమంది పనికిరానివాళ్ళు అని లెక్క పైనుంచే వస్తుంది. పేర్లు మాత్రం మేనేజరు నింపాలి. క్లాసులో అందరూ పాసైనా సరే ఇద్దర్ని తప్పించాలని పరీక్షకి ముందే రాసిపెట్టుకున్న మేష్టారిలాగన్నమాట. ఒక ఏడాది ఆయన జట్టులో నిజంగా పని రానివాడు ఒక్కడూ లేడు. ఆఖరికి మాట నెమ్మదిగా ఉండే ఒక కుర్రాడి పేరు రాశారు. చైతన్యపురిలో హాస్టల్లో ఉండేవాడు. ఎదురు తిరగడు కాబట్టి ఆ పేరు రాశానని తర్వాత నాతో ఒప్పుకున్నారు. నాలుగు నెలలకి ఆ కుర్రాడి ఉద్యోగం పోయింది.

ఆ తర్వాత నాంపల్లిలో ఒక పెళ్ళి చూసుకుని రాత్రి మెట్రోలో తిరిగొస్తున్నాం. రైలు కిటకిటలాడుతోంది. ఎవరో లేచి, "కూర్చోండి సార్" అన్నారు. చూస్తే ఆ కుర్రాడే. మొహంలో వెటకారం లేదు, కోపం లేదు. పెద్దవాడు, తనకి పని నేర్పినవాడు నిలబడ్డాడని లేచాడు, అంతే. ఈయన "వద్దు, నేను నిలబడతాలే" అన్నారు. వాడు కూర్చోలేదు, ఈయనా కూర్చోలేదు. ఆ ఖాళీ సీటు ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. మలక్‌పేటలో ఒకావిడ బిడ్డనెత్తుకుని ఎక్కి అందులో కూర్చుంటే నాకు ఊపిరాడింది. చైతన్యపురిలో వాడు దిగిపోతూ, "వస్తాను సార్, వస్తానమ్మా" అన్నాడు.

మర్నాడు ఈయన వెళ్ళి, ఈ కుర్చీ నాకొద్దు, నా పాత పని నాకివ్వండని అడిగారు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది, పోనుపోను అలవాటవుతుందన్నారట. ఇంటికొచ్చి ఆ మాటే మళ్ళీమళ్ళీ చెప్పారు. "అలవాటవుతుందట! అదేనోయ్ నా భయం."

మేముండే చోటిని అందరూ ఎల్.బి.నగర్ అంటారు. లాల్‌బహదూర్ నగర్ అని పూర్తిపేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. లాల్‌బహదూర్ శాస్త్రిగారు రైల్వేమంత్రిగా ఉండగా, 1956లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా పోయారు. మా ఇంటికి అదేమంత దూరం? ఆ వంతెన కట్టింది ఆయన కాదు, ఆ రైలు నడిపింది ఆయన కాదు. అయినా రాజీనామా ఇచ్చారు. నెహ్రూగారు ఒప్పుకోలేదు. శాస్త్రిగారు పదవిలో ఉండిపోయారు. అదే ఏడాది నవంబరులో తమిళదేశంలో అరియలూరు దగ్గర మరో ఘోరప్రమాదం. మళ్ళీ రాజీనామా ఇచ్చారు. ఈసారి ఆమోదించారు.

బి.ఏ.లో ఇది నాకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. మెట్రోలో ఆ రాత్రి తర్వాతే దాని అర్థం తెలిసింది. చేత్తో పని చెయ్యనివాడికి మిగిలే పని ఒకటుంది. కిందివాళ్ళ చేతుల్లో జరిగినదానికి 'నాది' అని ముందుకొచ్చి నిలబడటం. అది చేసినరోజు, చూపించడానికి చేతిలో ఏమీ లేకపోయినా వాడు పనిచేసినట్టే. నింద కిందికి దొర్లించేసి మెప్పు మాత్రం పైకి పట్టుకుపోయినరోజు, ఎన్ని మీటింగుల్లో కూర్చున్నా పని చేయనట్టే. మా అత్తగారికి ఇది ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

మరుసటి ఏడాది జాబితా మళ్ళీ వచ్చింది. మావారు ఎవరి పేరూ రాయలేదు. పని ఆలస్యమైందంటే అది నా అంచనా తప్పడంవల్ల, కావాలంటే నా పేరు రాసుకోండి అన్నారు. మేనేజరు పేరు ఆ కాగితంలో పట్టదన్నారు. అప్పుడు మళ్ళీ అడిగారు, దింపెయ్యండని. ఈసారి దింపేశారు. హోదా రెండు మెట్లూ, జీతం దానికి తగ్గట్టూ దిగాయి. ఇంటి అప్పుకి ఇంకా చాలా ఏళ్ళు వాయిదాలున్నాయి.

నేను మాత్రం మొదటిరోజు ఏమన్నానో దాచుకోకుండా చెప్తాను. "నలుగురూ ఏమనుకుంటారండీ?" అన్నాను.

"ఆ నలుగురిలో ఎవరైనా ఆ రాత్రి మన రైల్లో ఉన్నారా?" అన్నారాయన.

కథ ఇక్కడ ఆపేస్తే అందంగా ఉంటుంది. మంచివాడు కుర్చీ దిగిపోయాడు, మనశ్శాంతి దొరికింది, శుభం. కానీ జరిగింది అది కాదు. ఆయన స్థానంలో వచ్చిన మనిషి ఆ జాబితాని ఒక్క పూటలో నింపేశాడట. అందులో రెండు పేర్లు. ఆ సంగతి తెలిసిన రాత్రి ఈయన కంచం ముందునుంచి లేచిపోయారు. "నేను దిగి చేతులు కడుక్కున్నాను. వాళ్ళకేమైంది? నేనుండి పోట్లాడితే ఆ రెండూ ఒకటయ్యేదేమో" అన్నారు.

నా దగ్గర జవాబు లేకపోయింది. నొచ్చుకునే మనసున్నవాళ్ళందరూ కుర్చీలు దిగిపోతే, ఆ కుర్చీల్లో మిగిలేదెవరు? నొచ్చుకోనివాళ్ళే కదా! పోనీ నొచ్చుకుంటూనే అక్కడ కూర్చుంటే, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నొప్పి నిజంగానే అలవాటైపోదా? ఏది ధర్మం? ఎవరి ధర్మం వారు చెయ్యమన్నారు పెద్దలు. కానీ మనిషికి ఒకే ధర్మం ఉంటే కదా చిక్కు లేకపోవడానికి! చేతికొచ్చిన పని ఒక ధర్మం, చేతికిందున్న మనుషులు ఇంకో ధర్మం.

చాలాకాలం ఆలోచించి నాకు నేను ఒక కొలబద్ద పెట్టుకున్నాను. కుర్చీలో జానెడు చోటైనా ఉందా అని చూడాలి. కిందివాడి తప్పుని మీదేసుకోవడానికి, పైవాడి మాటని కాదనడానికి, ఇద్దర్ని ఒకర్ని చెయ్యడానికైనా జానెడు చోటుంటే, మనసు నొచ్చుకున్నా సరే అక్కడే ఉండాలి. శాస్త్రిగారు మొదటిసారి ఉండిపోయినట్టు. ఆ జానెడూ లేకపోతే, మన చేత్తో ఇంకొకరి రాత రాయించడమే ఆ కుర్చీ పనైతే, దిగిపోవాలి. ఆయన రెండోసారి దిగిపోయినట్టు. దిగినంతమాత్రాన కథ అయిపోదు కూడా. శాస్త్రిగారు 1957లో మళ్ళీ మంత్రి అయ్యారు, 1964లో ప్రధానమంత్రి అయ్యారు.

మావారి కుర్చీలో ఆ జానెడు చోటుందా, లేదా? ఆయన లేదంటారు. తిండి సయించని రోజున మాత్రం ఉందేమో అంటారు. నేను ఏదీ అనను. ఎక్కేటప్పుడు తోసినదాన్ని, దిగేటప్పుడు తీర్పు చెప్పే అర్హత నాకెక్కడిది? భర్తల ప్రమోషన్ల గురించి చెల్లెళ్ళతో ఫోన్లో మాట్లాడుకునే నాలాంటి ఆడవాళ్ళందరం ఒక్కసారి ఆలోచించుకోవాలి. ఆ మెట్లలో కొన్నిటికి సిమెంటు మనమే కలిపి ఇస్తున్నామేమో.

ప్రస్తుతం మా ఇంట్లో ఖర్చు తగ్గింది. కొత్త విద్యలేవో నేర్చుకోవడానికి ఈయన, మా అమ్మాయి వయసు కుర్రాళ్ళతో కలిసి పాఠాలు వింటున్నారు. వాళ్ళకి పది నిమిషాల్లో అర్థమయ్యేది తనకి గంట పడుతోందని విసుక్కుంటారు. కళ్ళజోడు నంబరు పెరిగింది.

మొన్న రాత్రి మంచి నిద్రలో ఉన్నాను. ఎవరో భుజం తట్టారు. గడియారం చూస్తే రెండు దాటింది.

"దొరికిందోయ్, తప్పు దొరికింది!" అన్నారు.

ఇన్నేళ్ళకి మళ్ళీ ఆ వెలుగు. లేచి కూర్చుని, "ఎవరిదండీ తప్పు?" అని అడిగాను.

"నాదే!" అన్నారు, పట్టలేని సంతోషంతో.